వికెట్ల వెనుక నిలిచిన హైదరాబాదీ

మన పిల్లలు క్రికెట్ ఆడేటప్పుడు ఒక్కసారి గమనించండి. బ్యాటింగ్ అంటే అందరూ ముందుకు వస్తారు. బౌలింగ్‌కూ పోటీ పడతారు. వికెట్ల వెనుక నిలబడమంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ చోటునే తన జీవితంగా చేసుకున్న పోచయ్య కృష్ణమూర్తి గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 1947 జూలై 12న హైదరాబాదులో జన్మించారు. రంజీ పోటీల్లో హైదరాబాదు జట్టుకు వికెట్ కీపర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1971లో వెస్టిండీస్ వెళ్ళే భారత జట్టులో, అప్పట్లో ఇంగ్లండులో లాంకషైర్ జట్టుకు ఆడుతున్న ఫరూఖ్ ఇంజనీర్‌కు చోటు దొరకలేదు. ఆ అవకాశం 23 ఏళ్ళ కృష్ణమూర్తిని వరించింది. జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్‌లతో కలిపి ఆ పర్యటనకు వెళ్ళిన హైదరాబాదీలు ఐదుగురు.

కీపర్ పని ఎంత కష్టమో మీరే ఆలోచించండి. ప్రతి బంతికీ కూర్చోవాలి, లేవాలి. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ వంటి స్పిన్నర్ల బంతి ఎటు తిరుగుతుందో తెలియదు. మధ్యలో బ్యాట్స్‌మన్ అడ్డం. వంద బంతులు చక్కగా పట్టినా ఎవరూ మెచ్చుకోరు. ఒక్క క్యాచ్ జారితే అందరికీ గుర్తుంటుంది.

కృష్ణమూర్తి ఆ సిరీస్‌లోని ఐదు టెస్టులూ ఆడారు. మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో భారత్ మొదటిసారిగా వెస్టిండీస్‌ను టెస్టులో ఓడించింది. మిగిలిన నాలుగు టెస్టులు డ్రాగా ముగిసి సిరీస్ కూడా మనదే అయింది. గవాస్కర్ 774 పరుగులు, సర్దేశాయ్ ఆట దేశమంతా మారుమోగాయి. వికెట్ల వెనుక ఏడు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్ చేసిన వ్యక్తిని తలచుకున్నవారు తక్కువ. బ్యాటుతో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులే. అత్యధికం 20. అదే ఆయనకు లోటయింది.

ఆ వేసవిలోనే జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. కృష్ణమూర్తి కూడా వెళ్ళారు. కాని బ్యాటింగ్‌లో దిట్ట అయిన ఇంజనీర్ తిరిగి రావడంతో మూడు టెస్టులూ ఆయనే ఆడారు. ఓవల్‌లో చరిత్రాత్మక విజయం దక్కినప్పుడు కృష్ణమూర్తి తుది జట్టులో లేరు. తరువాత సయ్యద్ కిర్మానీ వచ్చారు. 1976లో న్యూజిలాండ్ పర్యటనలో కిర్మానీ టెస్టులు ఆడగా, కృష్ణమూర్తికి దక్కింది ఒకే ఒక్క వన్డే. టెస్టు ఆడే అవకాశం మళ్ళీ రాలేదు. ఆయన 1999 జనవరి 28న, 51 ఏళ్ళకే కన్నుమూశారు.

రెండు నెలల్లో ఐదు టెస్టులు, ఆ తరువాత ఎన్నో ఏళ్ళ నిరీక్షణ. దీన్ని ఓటమి అందామా? ఆ ఐదు టెస్టుల్లో ఆయన నిలబడ్డ చోట ఎవరో ఒకరు నిలబడి తీరాలి. ఆ చోటు ఖాళీగా ఉంటే బేడీ బంతికి, ప్రసన్న బంతికి విలువేముంది?

నార్కట్‌పల్లిలోనైనా, మీ ఊరిలోనైనా, జట్టులో ఎంపికై కూడా బయట కూర్చున్న పిల్లవాడు సాయంత్రం తలవంచుకుని ఇంటికి వస్తే, ఎన్ని పరుగులు చేశావని అడగకండి. అన్నం పెట్టి, కృష్ణమూర్తి కథ చెప్పండి. మరునాడు వాడు మళ్ళీ మైదానానికి వెళ్ళేలా చూడండి.