పేదల సొమ్ముకు లెక్క చెప్పించిన పునీతుడు



ప్రతి సంవత్సరం సెప్టెంబరు 27న శ్రీసభ పునీత విన్సెంట్ డి పాల్ గారి పండుగను కొనియాడుతుంది. ఆయన పేరు ఎరుగని కతోలిక కుటుంబం మన విచారణలలో దాదాపు ఉండదు. పటాలలో ఆయన ఒడిలో పసిబిడ్డను ఎత్తుకొని కనిపిస్తారు. అనాథ బిడ్డలకు, రోగులకు, ఆకలిగొన్నవారికి ఆయన చేసిన సేవను గురించి మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. కాని ఆ సేవ వెనుక ఎంతో జాగ్రత్తగా వ్రాసిన లెక్కల పుస్తకం ఒకటి ఉన్నదని మనం అంతగా తలచుకోము. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

విన్సెంట్ గారు 1581లో ఫ్రాన్సు దేశపు నైరుతి ప్రాంతంలో పూయ్ అనే పల్లెలో, ఒక రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలో తండ్రి పశువులను మేపారు. 1600లో గురుపట్టం పొందారు. ఆ తొలి రోజులలో ఆయన కోరుకున్నది నిలకడైన ఆదాయం, ఇంటివారిని ఆదుకొనే స్తోమతు. దేవుడు ఆయన మనస్సును పేదలవైపు మెల్లమెల్లగా, అనేక సంవత్సరాలలో త్రిప్పాడు.

1617లో ఆయన షాతియోన్ అనే చిన్న పట్టణానికి విచారణకర్తగా వెళ్ళారు. ఆగస్టు నెలలో ఒక ఆదివారం, పూజకు వస్త్రాలు ధరిస్తుండగా ఒక కబురు వచ్చింది. ఊరికి కొంత దూరంలో ఒక ఇంట అందరూ జబ్బుపడ్డారు, గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఆయన ప్రసంగంలో ఆ కుటుంబాన్ని గురించి చెప్పారు. మధ్యాహ్నం తానే బయలుదేరి వెళ్తుంటే, దారి పొడవునా జనం. రొట్టె, మాంసం పట్టుకొని వెళ్ళేవారు కొందరు, ఇచ్చి తిరిగి వచ్చేవారు కొందరు.

మనమైతే ఆ దృశ్యం చూచి దేవునికి స్తోత్రం చెప్పి ఊరుకొనేవారమేమో. విన్సెంట్ గారు స్తోత్రం చెప్పి, ఆ తర్వాత ఆలోచించారు. ఇంత ఆహారం ఒక్కనాడే చేరితే సగం పాడైపోతుంది, నాలుగు రోజులు గడిస్తే ఆ ఇంట మళ్ళీ పస్తే. ఇక్కడ దయకు లోటు లేదు, క్రమమే లేదని గ్రహించారు. కొద్ది రోజులలోనే కొందరు స్త్రీలను సమావేశపరచి, రోజుకొకరు చొప్పున వంతులు ఏర్పరచి, ప్రేమసేవా సంఘాన్ని ప్రారంభించారు. ఆ ఏడాది డిసెంబరు 8న, నిష్కళంకమాత పండుగనాడు, ఆ సంఘం నియమావళితో సహా స్థాపించబడింది.

ఆ నియమావళిలో రోగికి ఏ పూట ఏమి వడ్డించాలో వ్రాసిన శ్రద్ధతోనే డబ్బు సంగతి కూడా వ్రాశారు. సంఘానికి ఒక అధ్యక్షురాలు, ఒక కోశాధికారిణి. డబ్బు పెట్టెకు వేరు వేరు తాళాలు రెండు; తాళపుచెవులు ఇద్దరి చేతులలో. ఏ ఒక్కరూ ఒంటరిగా పెట్టె తెరవడానికి వీలులేదు. ఏటేటా కోశాధికారిణి విచారణకర్త ఎదుట, ఊరి పెద్దల ఎదుట జమాఖర్చులు అప్పగించాలి. అలా అప్పగించి, ఇది సత్యమని ఆమె ప్రకటిస్తే, ఆమె మాటను నమ్మాలి. ఆ తర్వాత ఆమె భర్తను గాని, బిడ్డలను గాని ఎవరూ పీడించకూడదు. ఈ చివరి మాటను మీరు గమనించాలి. లెక్క చెప్పే ఏర్పాటు పేదల సొమ్మును కాపాడినట్లే, ఆ సొమ్మును మోసిన నిజాయితీపరురాలిని, ఆమె ఇంటివారిని కూడా కాపాడింది.

ఇటువంటి సంఘాలు పల్లె పల్లెకు వ్యాపించాయి. వ్యాపించినచోట సడలింపు కూడా వస్తుంది. కొన్నిచోట్ల ఉత్సాహం చల్లారింది, కొన్నిచోట్ల పద్దులు సరిగా లేవు. 1629 నుండి విన్సెంట్ గారు లూయిస్ డి మరియాక్ గారిని ఈ సంఘాల దర్శనానికి పంపసాగారు. ఆమె భర్తను కోల్పోయిన స్త్రీ, తర్వాత పునీతురాలిగా ప్రకటింపబడినవారు. బండిలోనో, గుర్రంమీదనో ఊరూరా వెళ్ళి, సభ్యులతో మాట్లాడి, రోగులను చూచి, లెక్కల పుస్తకం తెప్పించుకొని పరిశీలించేవారు. నేటి మాటలో చెప్పాలంటే అది ఆడిట్. 1633లో వీరిరువురూ కలిసి ప్రేమసేవా పుత్రికల సభను స్థాపించారు.

అన్నిటికన్న పెద్ద పరీక్ష లొరేన్ ప్రాంతంలో వచ్చింది. యుద్ధం, తెగులు, కరువు ఒక్కసారిగా ఆ ప్రాంతంమీద పడ్డాయి. 1639 నుండి విన్సెంట్ గారు పారిస్‌లో విరాళాలు ప్రోగుచేసి అక్కడికి పంపసాగారు. ఆ డబ్బును మోసినవారు బ్రదర్ మత్యూ రెనార్. బిచ్చగానివలె చినిగిన బట్టలు తొడిగి, పాత సంచిలో వేల కొలది నాణేలు దాచుకొని, దొంగలూ సైనికులూ తిరిగే దారులలో యాభైకి పైగా ప్రయాణాలు చేశారు. ఆయన మోసిన సొమ్ము దోపిడీకి గురికాలేదు. తూల్, మెట్జ్, వెర్దున్, నాన్సీ, బార్-లె-దుక్ మొదలైన పట్టణాలకు నెలకు 500 లివ్రుల చొప్పున పంచే ఏర్పాటు జరిగింది.

పంచిన గురువుల పరిస్థితి ఎలాంటిదో వినండి. 1640 జనవరిలో బార్-లె-దుక్‌లో జెర్మేన్ డి మోంతెవీ అనే యువ గురువు, రోగుల మధ్య పనిచేస్తూ తానే జ్వరానికి బలియై మరణించారు. ప్రాణాలే అర్పిస్తున్న వారిని రసీదులు అడగడం బాగుంటుందా అని మనకు తోచవచ్చు. విన్సెంట్ గారు అడిగారు. ఆ ఏడాదే తూల్‌లోని తన గురువుకు వ్రాసిన జాబులో ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకొమ్మని, ఏ నెపంతోనూ ఒక్క కాసు కూడా వేరే పనికి మళ్ళించవద్దని, లెక్కల నకలుమీద అక్కడి ప్రభుత్వాధికారి సంతకం చేయించి బ్రదర్ మత్యూ చేతికిచ్చి పంపమని కోరారు. తన గురువులమీద ఆయనకు అనుమానం లేదు. ఆ సొమ్ము ఆయనది కాదు, వారిదీ కాదు. ఇచ్చినవారు ఆకలిగొన్నవారికోసం ఇచ్చారు. ఇచ్చినవారికి సమాధానం చెప్పగలిగితేనే మరుసటి నెల సంచి నిండుతుంది. సంచి నిండకపోతే లొరేన్‌లో మనుషులు చస్తారు.

1660 సెప్టెంబరు 27న ఆయన పారిస్‌లో కన్నుమూశారు. 1737లో పునీతునిగా ప్రకటింపబడ్డారు. 1885లో 13వ లియో పోపు గారు ఆయనను ప్రేమసేవా సంఘాలన్నిటికీ పాలకునిగా నియమించారు.

ప్రియ పాఠకులారా, లెక్క అడిగితే నన్ను దొంగ అంటున్నారా అని నొచ్చుకొనే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. దేవుని పనికి లెక్కలెందుకు అనేవారూ ఉన్నారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పలేదా అని మరికొందరు అడుగుతారు. అయితే ప్రభువు ఆ మాట చెప్పింది నా సొంత దానం గురించి, నేను గొప్పకు పోకుండా ఉండేటందుకు. నా చేతిలో ఉన్న పరుల సొమ్ము నా దానం కాదు, అది నాకు అప్పగించిన బాధ్యత. పునీత పౌలు గారు యెరూషలేములోని పేదలకు కానుకలు పంపినప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడుగా తీసుకున్నారు. 1983 నాటి శ్రీసభ చట్టం 1267వ నియమంలో ఒక పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని, 1287వ నియమంలో విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకే లెక్క చెప్పాలని ఆదేశిస్తుంది. ఈ నియమాలు గురువులమైన మాకు మొదట వర్తిస్తాయి.

గుడి కట్టుబడి నిధి కావచ్చు, పండుగ చందా కావచ్చు, యువజన సంఘం డబ్బు కావచ్చు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు, ఖర్చుకు వోచరు, బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు, ఏడాదికొకసారి బంధుత్వం లేని ఆడిటరు పరిశీలన, ఆ లెక్కను ఒక ఆదివారం గుడిలో చదివి వినిపించడం. ఇవి చాలు. వ్రాత లేకుండా కోశాధికారి హఠాత్తుగా మరణిస్తే, ఊరి నోళ్ళకు జవాబు చెప్పవలసినవారు అతని భార్యాబిడ్డలే. వారికి ఆ గతి పట్టకుండా చూడడం కూడా ప్రేమసేవే.

ఈ పండుగనాడు పునీత విన్సెంట్ గారి వేడుదలను కోరుకుందాం. మీ సంఘపు లెక్కల పుస్తకం చివరిసారి ఎప్పుడు అందరి ముందు తెరిచారో, ఈ వారమే మీ విచారణకర్తను, మీ పెద్దలను మర్యాదగా అడగండి. మీరే కోశాధికారి అయితే, ఎవరూ అడగకముందే తెరవండి. దేవుడు మిమ్ము దీవించునుగాక.