పుస్తకాన్ని ఊరూరా నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు

నవంబరు 14 అనగానే మనందరికీ నెహ్రూ గారి పుట్టినరోజు, బాలల దినోత్సవం, ఆటలు, మిఠాయిలు గుర్తుకొస్తాయి. కాని అదే రోజున జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కూడా మొదలవుతాయి. 20వ తేదీ దాకా వారం రోజులు గ్రంథాలయాల్లో వ్యాసరచన, వక్తృత్వం, పాటల పోటీలు, పుస్తక ప్రదర్శనలు పెడతారు. 14వ తేదీనే ఎందుకు మొదలుపెడతారు? ఈ తేదీ వెనుక ఒక తెలుగు పెద్దమనిషి ఉన్నారు. ఆయనే అయ్యంకి వెంకటరమణయ్య గారు. మనవాళ్ళు ఆయన్ని గ్రంథాలయ పితామహుడు అంటారు.

బాల్యం, ఆ రోజులు

వెంకటరమణయ్య గారు 1890లో గోదావరి జిల్లా కొంకుదురు గ్రామంలో పుట్టారు. అప్పుడు మన దేశం ఇంగ్లీషువారి పాలనలో ఉంది. తెలుగువాళ్ళు కొందరు మద్రాసు రాజధానిలో, కొందరు నైజాం రాజ్యంలో ఉండేవారు. చదువు చాలా తక్కువ. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నూటికి ఆరుగురికి మాత్రమే చదవడం, రాయడం వచ్చు. మిగతా 94 మందికి పుస్తకం అంటే నల్ల గీతలున్న కాగితమే.

గ్రంథాలయాలు అసలు లేవని కాదు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారనే బడి పంతులు ఒక గ్రంథాలయం పెట్టారు. 1898లో రాజమండ్రిలో వాసురాయ కవి గారు, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపించిన పెద్దలు ఇటువంటి పనే చేశారు. అయితే ఇవన్నీ ఎక్కడికక్కడ విడివిడిగా ఉండేవి. ఒక ఊరి గ్రంథాలయం సంగతి ఇంకో ఊరికి తెలిసేది కాదు. పెట్టినవారు అలిసిపోతే ఆ గ్రంథాలయం కూడా మూతబడేది.

1907లో బిపిన్ చంద్రపాల్ గారు బెంగాలు నుంచి వచ్చి కోస్తా పట్టణాల్లో స్వదేశీ ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ ఉపన్యాసాలతో తెలుగు కుర్రవాళ్ళలో గొప్ప కదలిక వచ్చింది. అప్పటికి అయ్యంకి గారికి పదిహేడో ఏడు నడుస్తోంది. దేశానికి ఏదైనా చెయ్యాలని ఆ తరం వారందరికీ పట్టుదల కలిగింది. కొందరు జైళ్ళకు వెళ్ళారు, కొందరు జాతీయ కళాశాలలు పెట్టారు. అయ్యంకి గారు మాత్రం పుస్తకాన్ని పట్టుకున్నారు. 1910లో, అంటే ఇరవయ్యేళ్ళ వయస్సులోనే, బందరు నుంచి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రిక నడిపారు. పత్రిక నడిపేవాడికి ఒక సంగతి తొందరగా తెలిసిపోతుంది. ఎంత బాగా అచ్చువేసినా చదివేవాళ్ళు లేకపోతే అది కట్టలు కట్టి మూలన పెట్టాల్సిందే.

బెజవాడ గ్రంథాలయం

తరువాత ఆయన బెజవాడ చేరి రామమోహన ధర్మ పుస్తక భాండాగారం పనిలో దిగారు. ఇప్పటి విజయవాడ అంత పెద్ద నగరం కాదు అప్పటి బెజవాడ. కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న పట్నం. రైళ్ళు, కాలువ పడవలు కలిసే చోటు. చుట్టుపక్కల ఊళ్ళ జనం పనుల మీద వచ్చి పోతూ ఉండేవారు.

అప్పటి గ్రంథాలయాలు ఎట్లా పనిచేసేవో తెలుసుకుంటేనే అయ్యంకి గారు, ఆయన తోటివారు చేసిన పని ఎంత గొప్పదో అర్థమవుతుంది. గ్రంథాలయం అంటే బీరువా, తాళం, నిశ్శబ్దంగా ఉండండి అనే బోర్డు అనుకుంటాం మనం. ఉద్యమం నడిచిన రోజుల్లో సాయంత్రమైతే గ్రంథాలయం దగ్గర జనం చేరేవారు. చదువు వచ్చినవాడు ఒకడు వార్తాపత్రిక పట్టుకుని గట్టిగా చదివేవాడు. రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవారు. మొదటి ప్రపంచ యుద్ధం వార్తలు, ధరల సంగతులు, కాంగ్రెసు కబుర్లు పల్లెటూరి రైతులు అట్లాగే తెలుసుకున్నారు. పురాణ కాలక్షేపం, భజనలు, హరికథలు ఉండేవి. మ్యాజిక్ లాంతరుతో తెల్లగుడ్డ మీద బొమ్మలు చూపిస్తూ ఆరోగ్యం గురించి, దేశం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవారు. పగలంతా పొలంలో పనిచేసినవారికి రాత్రి బడులు నడిపేవారు. హరికథకు వచ్చినవాడు పత్రిక వినేవాడు, పత్రిక విన్నవాడు రాత్రి బడిలో అ ఆలు దిద్దేవాడు, అ ఆలు వచ్చినవాడు చివరికి పుస్తకం అడిగేవాడు. చూడండి, ఇది ఒక మెట్ల వరస. మొదటి మెట్టు ఎక్కడానికి చదువు రానవసరం లేదు. అదే దీనిలోని కిటుకు.

అందరినీ ఒకచోట చేర్చడం

ఇంత మంచి పని విడివిడిగా జరిగితే నిలవదని అయ్యంకి గారు గ్రహించారు. గ్రంథాలయాల వాళ్ళందరినీ ఒకచోటికి పిలవాలి అనుకున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. చిలకమర్తి గారికి కంటిచూపు సరిగా ఉండేది కాదు, తరువాత పూర్తిగా పోయింది. పక్కవారు చదివిపెడితే విని, తాను చెబితే ఇంకొకరు రాసిపెడితే ఆయన ఎన్నో రచనలు చేశారు. చదివి వినిపించడం విలువ ఆయనకంటె బాగా ఎవరికి తెలుస్తుంది! ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అప్పటికి అయ్యంకి గారి వయస్సు 23 ఏళ్ళు మాత్రమే. రాష్ట్రం మొత్తానికి ఇటువంటి సంఘం ఏర్పడటం మన దేశంలో అదే మొదలు.

కొద్దికాలానికే సంఘం తరఫున గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక వచ్చింది. గ్రంథాలయాల కోసమే తెలుగులో ఒక పత్రిక! ఏ ఊళ్ళో కొత్త గ్రంథాలయం పెట్టారు, పుస్తకాలు ఎట్లా సర్దాలి, సభలు ఎట్లా జరపాలి అనే సంగతులు అందులో ఉండేవి. ఒక ఊరివాళ్ళు చేసిన పని చదివి పక్క ఊరివాళ్ళకు మేమెందుకు చెయ్యకూడదు అనిపించేది. ఉత్సాహం అట్లా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది.

ఆ రోజుల్లో బరోడా సంస్థానాన్ని శాయాజీరావు గైక్వాడ్ మహారాజు పాలించేవారు. ఆయన 1910 నుంచి తన రాజ్యమంతా గ్రంథాలయాలు పెట్టించారు. గ్రంథాలయం లేని పల్లెలకు కొయ్యపెట్టెల్లో పుస్తకాలు సర్ది పంపేవారు. ఒక ఊళ్ళో చదవడం అయిపోతే పెట్టె తిరిగి వెళ్ళేది, వేరే పుస్తకాలు వచ్చేవి. వీటినే సంచార గ్రంథాలయాలు అంటారు. అయితే బరోడాలో రాజుగారి ఖజానా ఉంది. ఇక్కడ తెలుగుదేశంలో ఖజానా లేదు, రాజు లేడు. ఉన్నదల్లా జనం. కాబట్టి అయ్యంకి గారు, ఆయన తోటివారు కాళ్ళనే నమ్ముకున్నారు. గ్రంథాలయ యాత్రలు అని పేరు పెట్టి ఊరూరా తిరిగారు. గ్రంథాలయం ఎందుకో చెప్పారు. మనం గుడికి, తీర్థానికి యాత్ర పోతాం. వారు పుస్తకం కోసం యాత్ర పోయారు.

నవంబరు 14

తెలుగుదేశంలో సాగిన పని దేశమంతా సాగాలి అని ఆయన ఆశ. 1919 నవంబరు 14న మద్రాసులో మొదటి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా గ్రంథాలయాల అధికారి కుదాల్కర్ గారు దానికి అధ్యక్షులు. ఆ సభ జరగడానికి పాటుపడిన ముఖ్యుడు అయ్యంకి గారు. ఆ తేదీ గుర్తుగానే 1968 నుంచి మనం గ్రంథాలయ వారోత్సవాలు చేసుకుంటున్నాం. తరువాత కాంగ్రెసు మహాసభలు జరిగే చోటనే గ్రంథాలయ సభలు కూడా పెట్టారు. 1924లో బెళగాంలో కాంగ్రెసు జరిగినప్పుడు గ్రంథాలయ సభకు దేశబంధు చిత్తరంజన్ దాస్ గారు అధ్యక్షత వహించారు. అదే ఏడు అయ్యంకి గారు ఇంగ్లీషులో కూడా ఒక గ్రంథాలయ పత్రిక మొదలుపెట్టారు.

ఆయన వేసిన విత్తనం ఎక్కడెక్కడో మొలిచింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పోయే పడవలో పుస్తకాల పెట్టె ఉండేది. పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది. ప్రయాణికులు ఊరికే కూర్చోకుండా పుస్తకం తీసుకుని చదువుకునేవారు. రేవుల్లో ఊళ్ళవాళ్ళకు కూడా పుస్తకాలు ఇచ్చేవారు. గ్రంథాలయానికి గోడలే ఉండనక్కర్లేదని ఆ పడవ నిరూపించింది.

స్వతంత్రం వచ్చాక 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. దీని ప్రకారం ప్రతి జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. ఇంటి పన్నుతో పాటు కొద్దిపాటి గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాలు నడపాలి అని నియమం పెట్టారు. చందాల మీద నడిచిన పని చట్టం మీదికి ఎక్కింది. అంటే పుస్తకం చదవడం దయాధర్మం కాదు, హక్కు అయింది.

1972లో భారత ప్రభుత్వం అయ్యంకి గారిని పద్మశ్రీతో గౌరవించింది. ఆయనకు ప్రకృతి వైద్యం మీద కూడా చాలా నమ్మకం ఉండేది. నిండు జీవితం గడిపి 1979లో కన్నుమూశారు.

మిగిలిపోయిన పని

ఇంత గొప్ప ఉద్యమం కదా, మరి మన గూడేలకు ఎందుకు రాలేదు అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే. ఆ ఉద్యమం ఎక్కువగా పల్లపు ప్రాంతంలో, పట్నాల్లో, రైలు, కాలువ, రోడ్డు ఉన్న ఊళ్ళలో సాగింది. కొండదారి ఎక్కి అంతగా రాలేదు. దాని ఫలితం లెక్కల్లో కనబడుతుంది. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల్లో అక్షరాస్యులు నూటికి సుమారు 17 మందే. 2011 నాటికి అది 49కి పెరిగింది. చాలా పెరిగింది, నిజమే. కాని మిగిలిన సగం ఎవరు? మన అమ్మలు, నాన్నలు, తాతలు, అవ్వలు. పట్టా కాగితం మీద, బ్యాంకు కాగితం మీద ఏం రాసి ఉందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాళ్ళు. సంతలో చింతపండు తూకం చీటీ మీద ఎంత వేశారో ఇంకొకరిని అడిగేవాళ్ళు.

1911లో నూటికి ఆరుగురే చదివినవాళ్ళు ఉన్నప్పుడు గ్రంథాలయాల వాళ్ళు ఏం చేశారు? అందరికీ చదువు వచ్చేదాకా ఆగలేదు. వచ్చిన ఒక్కడినీ మధ్యలో కూర్చోబెట్టి చదివించారు. మన గూడెంలో ఆ ఒక్కడు ఎవరు? మనమే కదా. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే మనం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పుస్తకం సంచిలో పెట్టుకుపోతే అదే సంచార గ్రంథాలయం. రాత్రి భోజనాలయ్యాక నెగడు దగ్గర కూర్చుని ఒక కథ చదివితే అదే గ్రంథాలయ సభ. తెలుగు అర్థం కాని అవ్వకు మన కోయలోనో, సవరలోనో, కువిలోనో, గోండిలోనో తిరిగి చెప్పాలి. సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు బళ్ళు పెట్టిన గిడుగు రామమూర్తి గారి సంగతి మనం పాఠాల్లో చదివాం. బయటి నుంచి వచ్చినాయన మన భాష నేర్చుకుని చెప్పగా లేనిది, మనకు పుట్టుకతో వచ్చిన భాషలో మనం చెప్పలేమా?

ఇంకో సంగతి. అవ్వ వింటూ వింటూ తానూ ఒక కథ చెబుతుంది. ఆ కథ ఏ పుస్తకంలోనూ ఉండదు. దానిని రాసుకుని తెచ్చి ఈ గోడపత్రికకు ఇవ్వండి. అప్పుడు పుస్తకం కొండ ఎక్కడమే కాదు, కొండ కథ కూడా పుస్తకంలోకి దిగుతుంది.

ఈ నవంబరు 14న మిఠాయి తినేటప్పుడు అయ్యంకి గారిని ఒకసారి తలుచుకుందాం. ఆ సాయంత్రం ప్రతి గదిలో ఒకరు లేచి చిన్న తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక కథ గట్టిగా చదివి వినిపిద్దాం. సంక్రాంతి సెలవులకు బీరువాలోంచి తలా ఒక పుస్తకం ఇమ్మని మాస్టారిని అడుగుదాం. చింపకుండా, తడపకుండా తిరిగి తెచ్చి ఇచ్చే పూచీ మనది.

మీకు ఇవి తెలుసా? (జవాబులు పై వ్యాసంలోనే ఉన్నాయి)
1. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏ రోజున పుట్టింది?
2. పడవ గ్రంథాలయం ఏ రెండు ఊళ్ళ మధ్య నడిచింది?
3. కొయ్యపెట్టెల్లో పల్లెలకు పుస్తకాలు పంపిన సంస్థానం ఏది?
4. మీ ఊళ్ళో చదివి వినిపించేవారు ఎవరు? (దీనికి మాత్రం జవాబు వ్యాసంలో లేదు. మీరే రాయాలి.)