నలుపును గొలిచిన హర్టరు

ఫెర్డినాండు హర్టరు 1844వ సంవత్సరమున స్విట్జర్లాండునందలి షాఫ్‌హౌసెను పట్టణమున జన్మించెను. హైడెల్‌బర్గులో రసాయనశాస్త్ర మభ్యసించి, 1867లో ఇంగ్లాండు చేరి, విడ్నెసునందలి సోడా కర్మాగారమున రసాయనికుడయ్యెను. అచ్చటి ఇంజనీరగు డ్రిఫీల్డునకు ఛాయాచిత్రములయం దాసక్తి మెండు. 1876లో అతని ప్రోద్బలమున హర్టరును కెమెరా చేపట్టెను. ఆనాడు గాజుప్లేటుపై వెలుగెంతసేపు ప్రసరింపవలెనో ఊహయే గాని లెక్క లేదు. ఊహ తప్పినచో ప్లేటు వ్యర్థము. శాస్త్రజ్ఞున కిది సహింపరానిదయ్యెను.

మిత్రులిరువురును కాంతిమాపకమును స్వయముగా నిర్మించుకొనిరి. వారి లెక్క, సంవర్గమానములు నేర్చిన మన విద్యార్థులకు సుబోధకము. ప్లేటునందలి నల్లని భాగము తనపై బడిన వెలుగులో పదవవంతు పోనిచ్చినచో దాని సాంద్రత 1, నూరవవంతైనచో 2, వేయవవంతైనచో 3. ఈ సాంద్రత అచ్చట నిలిచిన వెండి పరిమాణము ననుసరించి యుండును. నేటి డిజిటలు ముద్రణమున వెండికి బదులు సిరా గలదు, కాగితమునుండి మరలివచ్చు వెలుగును గొలుతురు. అంకె మాత్ర మా లెక్కదే.

1890లో ఈ ఫలితములు ప్రకటింపబడగా పలువు రాక్షేపించిరి. ఎమర్సను అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు, ఇదియు నొక కారణముగా, ఛాయాచిత్రణము కళయను తన వాదమునే విడిచెను. తొందరపడెనని నా తలంపు. తంబుర శ్రుతిచేసినంతమాత్రమున పాట చెడునా?

1898లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీవా రిరువురకును పతక మొసగిరి. ఆ యేడే హర్టరు మరణించెను. డ్రిఫీల్డు 1915 వరకు జీవించెను.