మన్యంలో గిడుగు

ఉత్తరాంధ్ర ప్రజలు ఆరోగ్యం కోరి మొక్కుకొనే సూర్యక్షేత్రం అరసవల్లి. దానికి ఉత్తరంగా వంశధార తీరాన శ్రీముఖలింగం ఉంది. ఆ సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జన్మించారు. తండ్రి వీర్రాజు చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో మరణించారు. జ్వరం ఆ కుటుంబాన్ని పీడించడం అంతటితో ఆగలేదు.

విజయనగరంలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయిగా చదువుకున్న రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ ప్రాంతపు కొండలలో నివసించే సవరల భాష ఆయనను ఆకర్షించింది. అది ముండా కుటుంబానికి చెందిన భాష. అప్పటికి దానికి లిపి లేదు. అందులోని కొన్ని ధ్వనులు గొంతులోనే తటాలున ఆగిపోతాయి. వాటిని పట్టుకోవడానికి చెవి తప్ప వేరే సాధనం లేదు. ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష అభ్యసించారు. అది చాలక తీరిక దొరికినప్పుడల్లా కొండలెక్కి గూడెంగూడెం తిరిగారు.

ఆ కొండలు మలేరియాకు పుట్టిళ్లు. వానలు వెనుకపట్టి, సెలయేళ్లు నెమ్మదించి తేటపడినప్పుడు వాటి అంచుల గడ్డి మొదళ్లలో అనాఫిలిస్ దోమలు గుడ్లు పెడతాయి. పంటకోతల కాలమే జ్వరాల కాలం కూడా. పసితనం నుంచి దోమకాట్లకు గురైన కొండవారిలో బతికి బట్టకట్టినవారికి కొంత నిరోధకశక్తి అలవడుతుంది. మైదానం నుంచి వెళ్లినవారికి ఆ రక్షణ ఉండదు. ఈ జ్వరానికి కారణం మన్యపు గాలి, నీరు అని లోకం నమ్మిన రోజులవి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో గుర్తించినది 1897లో. రామమూర్తి అంతకు ఎన్నో ఏళ్ల ముందే పర్లాకిమిడి చేరారు.

జ్వరం ఆయననూ వదలలేదు. అప్పటికి దానికి తగిన మందు సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్ ఒక్కటే. అది ప్రాణం నిలుపుతుంది. మోతాదు మించితే చెవుల్లో హోరు పుట్టించి వినికిడిని హరిస్తుంది. ఎక్కువమందిలో ఆ దోషం మందు మానగానే తొలగిపోతుంది. రామమూర్తికి మాత్రం చెవుడు శాశ్వతంగా మిగిలిపోయింది. వినికిడే ఆధారంగా భాషను సేకరించే పండితునికి ఇంతకన్న క్రూరమైన నష్టం మరొకటి ఉంటుందా!

అయినా పని ఆగలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులను సొంత ఖర్చుతో నడిపారు. కుమారుడు సీతాపతి సవర అధ్యయనంలో తోడయ్యారు. 1911లో ఉద్యోగం విరమించాక వ్యావహారిక భాషోద్యమానికి నాయకత్వం వహించారు. ఆయన జన్మదినాన తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది అందుకే. ఆ కీర్తి చాటున మన్యంలోని శ్రమ కొంత మరుగునపడింది.

సవర భాషకు ఆయన రచించిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చడాన్ని నిరసించి, జీవితంలో అధికభాగం గడిపిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయన వయస్సు డెబ్బై అయిదు. 1940 జనవరి 22న మరణించారు.