మలిక్ అంబర్: బానిసత్వం నుంచి దక్కన్ సేనాధిపత్యానికి

మా ఆత్మకూర్ (ఎస్)లో మొన్న మస్జిద్ ముందు కొందరు పిల్లలు తమలో నల్లగా ఉన్న ఒకణ్ణి హబ్షీ అని ఏడిపించడం విన్నాము. వాడు తల దించుకుని వెళ్లిపోయాడు. హబ్షీ అంటే తిట్టు కాదు, హబషా ప్రజల పేరు. హజ్రత్ బిలాల్ (రజి) హబ్షీలే. నిజాం ఆఫ్రికన్ అశ్వదళంలో కొలువు చేసినవారి సంతతి నేటికీ హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఆ పేటకు ఆ దళం పేరే వచ్చింది. వారికంటే ఎంతో ముందు దక్కన్‌కు వచ్చిన ఒక హబ్షీ జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

మలిక్ అంబర్ 1548 ప్రాంతంలో నేటి ఇథియోపియాలో జన్మించారు. అసలు పేరు చాపు. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడై బాగ్దాద్ చేరారు. అక్కడి యజమాని ఆయన తెలివితేటలు గమనించి చదువు చెప్పించాడు. అంబర్ అన్న పేరు అప్పుడు వచ్చిందే. 1570ల ఆరంభంలో దక్కన్‌కు తెచ్చి, అహ్మద్‌నగర్ పేష్వా చెంగిజ్ ఖాన్‌కు అమ్మారు.

చెంగిజ్ ఖాన్ కూడా హబ్షీయే, ఒకప్పటి బానిసే. ఆయన తాను ఎక్కిన మెట్లు మరచిపోలేదు. సుమారు వెయ్యిమంది హబ్షీలను దగ్గరకు తీశారు. అంబర్ ఆయన నీడలోనే దర్బారు వ్యవహారాలు, సైన్య నిర్వహణ నేర్చుకున్నారు. ఇదంతా కొద్ది సంవత్సరాల ముచ్చటే. ఖాన్ మరణించాక ఆయన భార్య అంబర్‌ను విముక్తుణ్ణి చేసింది.

ఆపై కొంతకాలం బీజాపూర్ కొలువు. 1600లో అహ్మద్‌నగర్ కోట అక్బర్ సైన్యం వశమైనప్పుడు అంబర్ నిజాంషాహీ వంశస్థుణ్ణి సింహాసనంపై నిలిపి, తామే రాజ్యభారం వహించారు. మరాఠా రౌతులతో మెరుపుదాడులు చేసి మొగలులను ఏళ్లతరబడి అలసగొట్టారు. ఓడిన సందర్భాలూ ఉన్నాయి. 1624లో భాత్వాడీ వద్ద మొగల్, బీజాపూర్ సేనలను కలిపి ఓడించారు. తన గ్రంథంలో జహంగీర్ ఆయన రంగును పట్టుకుని దూషించాడు. ఆయన పోయాక అదే దర్బారు చరిత్రకారుడు ఆయన పాలననూ యుద్ధనైపుణ్యాన్నీ సాటిలేనివని రాశాడు!

ఆయన 1610లో ఖడ్కీ నగరం కట్టించారు. అదే తరువాతి ఔరంగాబాద్. దాని కోసం తవ్వించిన భూగర్భ నహర్ శతాబ్దాలపాటు నీరిచ్చింది.

ఆయన బానిసలను కొన్నారు కూడా. దాన్ని మేము దాచము. అయితే ఆ హబ్షీ యువకులకు ఖుర్‌ఆన్, ఆయుధవిద్య నేర్పించి సైన్యంలో స్థానమిచ్చారు. చెంగిజ్ ఖాన్ ఇంట తాము పొందినదే వారికీ అందించారు.

1626లో మరణించారు. ఖుల్దాబాద్‌లో సమాధి ఉంది. ఆయన భార్య బీబీ కరీమా సమాధి కూడా ఆ సమీపంలోనే ఉంది.