ఊళ్లే ఆసుపత్రి: డాక్టర్ నార్మన్ బెతూన్

రోడ్డు లేని గూడెం నుంచి జబ్బుమనిషిని డోలీలో మోసుకెళ్లడం మన యువతకు కొత్త కాదు. చైనా ఉత్తర కొండల్లో రైతులు అదే పని యుద్ధం మధ్యలో చేశారు. వాళ్లతో కలిసి పనిచేసిన కెనడా సర్జన్ నార్మన్ బెతూన్ కథ ఇది.

1890లో గ్రేవెన్‌హర్స్ట్‌లో పుట్టాడు. తనకే క్షయ సోకి, కోలుకుని, ఆ తర్వాత మాంట్రియల్‌లో ఊపిరితిత్తుల ఆపరేషన్లకు పేరు తెచ్చుకున్నాడు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్లి, సీసాల్లో నిల్వచేసిన రక్తాన్ని బండిలో యుద్ధరంగం దాకా తీసుకెళ్లాడు. గాయపడినవాడు డాక్టరు దగ్గరికి చేరేలోపే ప్రాణం పోతుంది కాబట్టి డాక్టరే కదలాలన్నది అక్కడ అతనికి పట్టుబడిన పాఠం.

1938లో చైనా చేరాడు. పట్టణాలు, రైలుమార్గాలు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. ఎనిమిదో రూట్ సైన్యం కొండల్లోంచి గెరిల్లా యుద్ధం చేస్తోంది. అక్కడ మందులు తక్కువ, చదువుకున్న డాక్టర్లు మరీ తక్కువ. రక్తం నిల్వచేసే వీలే లేదు. పైగా రక్తం ఇవ్వాలంటే జనానికి భయం. బెతూన్ ముందు తన రక్తమే ఇచ్చాడు. భయం మెల్లగా పోయింది. ఊరివాళ్లు రక్తదాతల దళాలుగా ఏర్పడి, కబురు రాగానే వచ్చి చేయి చాపేవారు. స్పెయిన్‌లో సీసాలు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారు.

ఒకచోట మాత్రం లెక్క తప్పాడు. సాంగ్యాన్‌కౌ అనే గ్రామంలో, ఊరివాళ్ల చేతిసాయంతో, ఒక మాదిరి ఆసుపత్రి కట్టించాడు. 1938 సెప్టెంబరులో తెరిచిన ఆ ఆసుపత్రిని కొద్ది వారాలకే జపాన్ సైన్యం నాశనం చేసింది. గెరిల్లా యుద్ధంలో నిలిచి ఉండే ఆసుపత్రి శత్రువుకు గురి అవుతుంది. అప్పటినుంచి ఆపరేషన్ సామాను కంచరగాడిదల వీపులకెక్కింది. గాయపడినవాళ్లు రైతుల ఇళ్లలోనే, ఆ ఇంటివాళ్ల చూపులోనే కోలుకునేవారు. రైతుబిడ్డలకు కట్టు కట్టడం, గాయం శుభ్రం చేయడం, మత్తు ఇవ్వడం తక్కువ కాలంలోనే నేర్పించాడు. కోపిష్టి మనిషి. శుభ్రతలో చిన్న తప్పు కనిపించినా విరుచుకుపడేవాడు. ఆ కోపం వల్లే చాలా గాయాలు కుళ్లకుండా మానాయని నా నమ్మకం.

1939 ఏప్రిల్‌లో హెజియాన్ దగ్గర పోరు జరిగినప్పుడు ఒక చిన్న గుడిలో బల్ల వేసుకుని, 69 గంటల్లో 115 ఆపరేషన్లు చేశాడు.

అదే ఏడాది చివర్లో, గ్లవ్స్ లేకుండా ఆపరేషన్ చేస్తుండగా వేలు తెగింది. ఆ గాయం నుంచి విషం రక్తంలోకి పాకింది. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాలేదు. 1939 నవంబరు 12న హెబెయ్ రాష్ట్రంలోని ఒక రైతు ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి 49 ఏళ్లు.

1941లో అతని పేరు పెట్టిన ఆసుపత్రికి అధిపతి అయింది మన దేశపు డాక్టరే: షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్. ఆయనా ఆ కొండల్లోనే, 1942 డిసెంబరులో, 32 ఏళ్లకే చనిపోయాడు.