శబరసీమకు అక్షరదానము చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు

శ్రీరామచంద్రుడు శబరి యొసగిన ఫలములను ఆరగించిన కథ యెరుగని వైష్ణవ గృహము తెలుగునాట లేదు. పూరీ జగన్నాథుడు తొలుత నీలమాధవుడై అరణ్యమున శబర ప్రభువగు విశ్వావసుని పూజలందుకొనెనని స్థలపురాణము చెప్పుచున్నది. స్నానపూర్ణిమ మొదలు రథయాత్ర వరకు స్వామివారి అంతరంగ సేవ నేటికిని ఆ విశ్వావసుని వంశీకులుగా ప్రసిద్ధులైన దైతాపతులదే. భగవంతుడు ఇంత చేరువగా తీసికొనిన ఆ జాతి బిడ్డలకు తమ మాటలో ఒక్క వాచకమైనను లేని కాలముండెను. ఆ కొరత తీర్పబూనిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

ఆయన 1863 ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమందలి పర్వతాలపేటలో వీరరాజు, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. 1875లో తండ్రి విషజ్వరముతో మరణించగా, విజయనగరమున మేనమామగారి యింట నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. బోధించునది చరిత్ర. చరిత్రపై మక్కువతో శాసనలిపులను స్వయముగా నేర్చి, శ్రీముఖలింగ దేవాలయ శాసనములను చదివిరి.

పర్లాకిమిడి తూర్పు కనుమల అంచున నున్న పట్టణము. చుట్టును గల కొండలలో సవరలు నివసింతురు. సవర భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. కావున సవర పిల్లవాడు మన బడిలో అడుగిడినచో అక్షరమును క్రొత్తయే, అక్షరము చెప్పు మాటయు క్రొత్తయే. అట్టి బాలునకు బుద్ధి లేదని తీర్మానించుట సులభము. లోపము బాలునియందు లేదు, బోధనయందున్నదని పంతులుగారు గ్రహించిరి.

బోధింపవలెనన్నచో ముందు తాను నేర్వవలెను. సవరయు తెలుగును తెలిసిన యొకనిని తమ యింట నుంచుకొని, శిష్యునివలె ఆ భాషను అభ్యసించిరి. దానికి లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. గొంతు బిగబట్టి పలుకు ధ్వనులు గల ఆ భాషకు చెవియే ప్రమాణము. విన్న ప్రతి మాటను వ్రాసికొని, పాటలు, కథలు సేకరించి, సవర భాషలోనే పుస్తకములు కూర్చిరి. తమ సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఈ కృషికి ప్రభుత్వము పారితోషికమీయ దలచినపుడు, ఆ సొమ్ము తమకు వలదనియు, దానితో సవరలకు బడి నడిపించుడనియు కోరిరి. సంసార భారము గల బడిపంతులు చేసిన త్యాగమిది!

కొండల వెంట తిరిగినందున మలేరియా సోకెను. దానికై వాడిన క్వినైను మూలమున ఆయన వినికిడి తగ్గిపోయెను. ఏ చెవితో ఆ భాషను పట్టుకొనిరో ఆ చెవినే దానికి సమర్పించుకొనినట్లయ్యెను. అయినను పని ఆగలేదు. కుమారులు సీతాపతిగారు చేయూతనిచ్చిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వము ముద్రించెను.

పంతులుగారి పేరు వినినంతనే వ్యావహారిక భాషోద్యమము స్మృతికి వచ్చును. తెలుగు పిల్లవానికి వాడుక తెలుగులో చదువు చెప్పవలెనని పండితులతో వాదించిన కారణమును, కొండబిడ్డకు సవరలో చదువు చెప్పిన కారణమును ఒక్కటియే. ఈ వ్యాసము పాతనడకలో సాగుచున్నందుకు ఆయన ఆత్మ మమ్ము మన్నించుగాక! వైష్ణవులకు ఈ భావము క్రొత్త కాదు. ఆళ్వారులు తమ ప్రజల మాటలోనే భగవంతుని కీర్తించిరి. ఆ పాశురములు ద్రావిడ వేదమై దేవాలయములలో మ్రోగుచున్నవి. తిరుక్కోట్టియూరు గోపురమెక్కి మంత్రార్థమును ఎల్లరకు చాటిన రామానుజులవారి కారుణ్యమును నిత్యము స్మరించువారము మనము. అందరిదైన దానిని కొందరికే దాచరాదనుట ఆ మార్గము. పంతులుగారు అక్షరము విషయమున ఆ పనియే చేసిరి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరెను. అందుకు సమ్మతింపని పంతులుగారు అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని వీడి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న పరమపదించిరి. ఆయన పుట్టినదినమును నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

సీతంపేట కొండలలోని సవరలు మొదలు అరకులోయలోని కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాటలాడు కుటుంబముల వరకు, తూర్పు కనుమలలో ఇంటి మాట వేరు, బడి మాట వేరు అయిన పిల్లలు నేటికిని ఎందరో కలరు. ఈ శతాబ్దమున సవర మున్నగు గిరిజన భాషలలో తెలుగులిపితో వాచకములు వెలువడి బడులలో ప్రవేశించినవి. ఆ దారిలో మొదటి అడుగు పంతులుగారిది. సింహాచలము, శ్రీకూర్మము సేవించి అరకులోయ చూడబోవు యాత్రికులు ఆ కొండలలో ఒక బడి కనబడినచో క్షణమాగి ఆయనను తలచుకొందురుగాక. శబరి యిచ్చిన ఫలమును స్వామి స్వీకరించెను. ఆమె సంతతికి మనమీయదగిన ఫలము విద్య. అది వారికి తెలిసిన మాటలో అందించిననే రుచించును.